కరకట్ట మీద సైకిలు: ఎనిమిది నిమిషాల సినిమా వెనక ఏళ్లు

'ఫాదర్ అండ్ డాటర్' అనే యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ చివర్లో ఒక చిన్న సంగతి ఉంది. ముసలామె సైకిలుకు స్టాండు వేస్తుంది. అది పడిపోతుంది. లేపి నిలబెడితే మళ్లీ పడిపోతుంది. ఇక వదిలేసి కరకట్ట దిగుతుంది. చిన్నప్పుడు నాన్న పడవెక్కి వెళ్లిపోయిన వైపే నడుస్తుంది. ఇప్పుడక్కడ నీళ్లు లేవు, గడ్డి పెరిగింది. ఒక్క మాట కూడా లేని ఈ సినిమాను ఎన్నిసార్లు చూసినా, ఆ సైకిలు దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోతుంది.

దీన్ని తీసిన డచ్ దర్శకుడు మైఖేల్ డుడోక్ డె విట్‌కు 2001లో ఆస్కార్ వచ్చింది. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. చదువు పూర్తయి 23 ఏళ్లు గడిచినా సొంత సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. బద్ధకం వల్ల కాదు. షార్ట్ ఫిల్మ్‌కు టికెట్ కొనే ప్రేక్షకుడు లేడు, పని మాత్రం కొండంత. సెకనుకు 24 ఫ్రేములంటే ఎనిమిది నిమిషాలకు 11,520. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు సర్దినా వేల బొమ్మలు గీయాలి. గీసినన్నాళ్లూ ఇల్లు గడవాలి కదా!

ఆయన 1953లో నెదర్లాండ్స్‌లోని అబ్‌కౌడలో పుట్టారు. జెనీవాలో కొంత చదివి, ఇంగ్లండ్‌లోని ఫార్నమ్ ఆర్ట్ కాలేజీలో 1978లో యానిమేషన్ పూర్తి చేశారు. బార్సిలోనాలో కొన్నాళ్లు పనిచేసి, 1980లో లండన్ చేరారు. అక్కడ అన్నం పెట్టింది యాడ్స్. ఏళ్ల తరబడి టీవీ ప్రకటనలకు బొమ్మలు గీశారు. ఆస్కార్ వచ్చాక కూడా యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు యాడ్ చేశారు. దాన్ని నేను చిన్నతనంగా చూడను. తక్కువ గీతల్లో, కొద్ది సెకన్లలో ఒక మనిషిని చూపించే నేర్పు ఆ పనిలో కూడా పదునెక్కి ఉంటుంది.

మలుపు ఫ్రాన్స్‌లో వచ్చింది. అప్పట్లో వాలెన్స్ ఊళ్లో ఉన్న ఫోలిమాజ్ స్టూడియో కళాకారులను పిలిచి, చోటూ డబ్బూ ఇచ్చి సినిమా తీసుకోమనేది. 'ద మంక్ అండ్ ద ఫిష్' అలా 1994లో బయటికొచ్చింది. మఠం చెరువులో చేప కోసం సన్యాసి పడే ఆరాటాన్ని కుంచె, సిరాలతో గీశారు. ఆరు నిమిషాల చిల్లర నిడివి. ఆస్కార్ నామినేషన్, ఫ్రాన్స్ సెజార్ అవార్డు వచ్చాయి. ప్రతిభ అంతకుముందూ ఉంది. కొత్తగా దొరికింది తీరిక. నా దృష్టిలో ఈ కథలో అసలు విషయం అదే.

ఆ తర్వాత 2000లో, డచ్-బ్రిటిష్ నిర్మాణంలో, పెన్సిలు, బొగ్గుతో 'ఫాదర్ అండ్ డాటర్' వచ్చింది. ఉండేది లండన్‌లోనైనా గీసింది మాత్రం పుట్టినగడ్డనే. కరకట్టలు, బారు చెట్లు, ఎదురుగాలిలో సైకిలు తొక్కే మనుషులు. నీటిని వెనక్కి నెట్టి నేల సంపాదించుకున్న దేశం కాబట్టే, నాన్న దాటిన నీళ్లు కూతురు ముసలయ్యేసరికి నేలగా మారడం అంత సహజంగా అనిపిస్తుంది.

2006లో జపాన్‌లోని పేరున్న యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో రెండు ప్రశ్నలు: ఆ సినిమాను జపాన్‌లో మేం విడుదల చేయవచ్చా? మాతో కలిసి ఒక పెద్ద సినిమా తీస్తారా? అప్పటిదాకా జిబ్లి బయటి దేశాల వాళ్లతో కలిసి సినిమా నిర్మించలేదు. జిబ్లి దర్శకుడు ఇసావో తకాహతా కళాపరమైన సలహాలతో వెన్నంటి నిలిచారు. ఒంటరి దీవిలో చిక్కుకున్న మనిషి కథ 'ద రెడ్ టర్టిల్' 2016లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవం చేరి, అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో ప్రత్యేక బహుమతి అందుకుంది. నిడివి 80 నిమిషాలు. అందులోనూ సంభాషణలు లేవు. ఉత్తరం వచ్చినప్పుడు ఆయనకు 53 ఏళ్లు, సినిమా తెర మీద పడేసరికి 62.