కాలు గురించి అందరూ అడుగుతారు, కణం గురించి ఎవరూ అడగరు

నీటి సాలమాండర్లతో పనిచేస్తానని చెప్పగానే ఎదుటివారి నోట వచ్చే మొదటి మాట: "కాలు తెగితే మళ్లీ మొలుస్తుందట కదా!" మొలుస్తుంది. ఎముక, కండరం, నరం, చర్మం అన్నీ కుదురుకుని మొలుస్తుంది. కానీ శరీరధర్మశాస్త్రం ఈ జీవికి పడిన బాకీలో ఎక్కువ భాగం ఆ కాలిది కాదు.

అపోహ: ఇది నీళ్లలో బతికే బల్లి.

బల్లి సరీసృపం, ఒంటినిండా పొలుసులు. సాలమాండర్ ఉభయచరం, కప్పకు చుట్టం. పొలుసుల్లేని దాని తడి చర్మం గుండా కొంత శ్వాస కూడా జరుగుతుంది. సబ్బు అంటిన చేత్తో దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను.

అపోహ: పరిశోధకులకు దీనితో పని అవయవాల పునరుత్పత్తి వరకే.

అసలు విషయం కణాల సైజు. మనిషి ఎర్ర రక్తకణం అడ్డంగా 7, 8 మైక్రోమీటర్లు ఉంటుంది. పాములా కనిపించే యాంఫియూమా అనే సాలమాండర్‌లో అదే కణం పొడవు దాదాపు 70. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంతకన్నా పెద్ద ఎర్రకణాలు లేవు. కణపొర లోపలికీ బయటికీ వోల్టేజి తేడా ఎంతో తెలియాలంటే గాజు సూదిని లోపలికి గుచ్చాలి. ఆ పోటును మన ఎర్రకణం కన్నా యాంఫియూమా కణం చాలా బాగా తట్టుకుంటుంది.

మూత్రపిండం కథ ఇంకా బాగుంటుంది. మూత్రం రక్తాన్ని వడపోయడం వల్ల వస్తుందా, కణాలు స్రవించడం వల్ల వస్తుందా అన్న తగువు 19వ శతాబ్దం నుంచి సాగింది. 1924లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వేర్న్, రిచర్డ్స్ అనే పరిశోధకులు కప్ప మూత్రపిండంలో రక్తకేశనాళికల గుత్తి ఒకదాన్ని ఎంచుకుని, దాని చుట్టూ ఉన్న తిత్తిలోకి సన్నటి గాజు గొట్టం దించి అక్కడి ద్రవాన్ని తీశారు. అందులో చక్కెర ఉంది. మూత్రాశయంలోని మూత్రంలో లేదు. అంటే వడపోత జరిగింది, దారిలో ఎక్కడో చక్కెర వెనక్కి పోయింది. ఎక్కడ? అది తేలాలంటే తిత్తి నుంచి ద్రవం పారే సన్నటి నాళిక పొడవునా చోటుచోటా ద్రవం తీసి చూడాలి. రిచర్డ్స్ బృందం అందుకు కప్పతో పాటు నెక్ట్యూరస్ అనే నీటి సాలమాండర్‌ను తెచ్చుకుంది. దాని గుత్తులు పెద్దవి, నాళికలు లావు. నాళిక మొదటి భాగంలోనే చక్కెర తిరిగి రక్తంలోకి చేరుతోందని అలా తెలిసింది. మన మూత్రపిండంలో జరిగేదీ అదే.

నా పని రెటీనాతో, అంటే కంటి లోపల వెలుగును పట్టే పొరతో. మసక వెలుతురులో చూపునిచ్చే కణాన్ని దండకణం అంటారు. పెద్ద టైగర్ సాలమాండర్‌లో దాని కొస 10 మైక్రోమీటర్లకు పైనే వెడల్పు ఉంటుంది, మనిషిది 2 మాత్రమే. చీకటి గదిలో పరారుణ కాంతి కింద కంటిని తెరిచి, రెటీనా ముక్కను ద్రావణంలో ఉంచి, సూదిని కణం దగ్గరికి జరుపుతాం. చీకట్లో ఆ కణం దాదాపు మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. వెలుగు చుక్క పడితే తెర మీద వోల్టేజి గీత పైకి లేస్తుందని కొత్తవాళ్లు ఎదురుచూస్తారు. గీత కిందికి దిగుతుంది, కణం మరింత రుణాత్మకమవుతుంది. వెన్నెముక జీవుల కన్ను వెలుగుకు స్పందించేది ఇలాగే. 1969లో వెర్బ్లిన్, డౌలింగ్ నెక్ట్యూరస్ రెటీనాలో పొర తర్వాత పొరగా కణాల స్పందనలను నమోదుచేశాకే రెటీనా లోపలి వైరింగు మనకు స్పష్టంగా కనిపించింది.

ఒకసారి తొందరలో క్షీరదాలకు వాడే 0.9 శాతం ఉప్పు ద్రావణం సీసా అందుకున్నాను. ఉభయచరాలకు కావలసింది సుమారు 0.65. పది నిమిషాల్లో కణాలు ముడుచుకుపోయాయి, ఆ రోజు ఒక్క రీడింగూ నిలవలేదు. అప్పటినుంచి ఆ రెండు సీసాలూ వేర్వేరు అరల్లో ఉంటున్నాయి.

అపోహ: సాలమాండర్ జీనోమ్ (ఒంట్లోని మొత్తం డీఎన్‌ఏ రాత) చాలా పెద్దది, అంటే చాలా సంక్లిష్టమైన జంతువన్నమాట.

2018లో వెలువడిన ఆక్సొలాటల్ అనే మెక్సికో సాలమాండర్ జీనోమ్‌లో 3,200 కోట్ల అక్షరాలున్నాయి, మనిషికి పదింతలు. అందులో ఎక్కువ భాగం పదేపదే తిరిగివచ్చే ముక్కలే. జన్యువుల సంఖ్య మనకేమీ పదింతలు కాదు. అయితే అంత డీఎన్‌ఏ పట్టాలంటే కేంద్రకం పెద్దది కావాలి, దానితో పాటే కణమూ పెరుగుతుంది. జన్యుశాస్త్రవేత్తకు తలనొప్పి అయినదే నా సూదికి వాటంగా కుదిరింది.

అపోహ: ఆక్సొలాటల్ ఎదగని పిల్ల.

మొప్పలతోనే పిల్లల్ని కనే పెద్దజీవి అది. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు 34 ఆక్సొలాటల్‌లు చేరాయి. వాటిలో ఆరింటిని తీసుకున్న ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త డ్యుమెరిల్ దగ్గర మరుసటి ఏడాది గుడ్లు పెట్టాయి. ఆ పిల్లల్లో కొన్ని మొప్పలు పోగొట్టుకుని నేల మీద తిరిగే సాలమాండర్లుగా మారేసరికి ఆయన నివ్వెరపోయాడు. థైరాయిడ్ హార్మోను ఇస్తే ఆక్సొలాటల్‌ రూపవిక్రియ చెందుతుంది, అంటే మొప్పలు వదిలి నేలజీవి రూపానికి మారుతుంది. నెక్ట్యూరస్‌కు అదే హార్మోను ఇచ్చినా మొప్పలు వదలదు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

అపోహ: ప్రయోగశాలల్లో వేలల్లో ఉన్నాయి, ఈ జాతికి భయం లేదు.

అడవి ఆక్సొలాటల్‌కు మిగిలింది మెక్సికో నగరం అంచున సొచిమిల్కో కాలువలే. అక్కడ అది అంతరించిపోయే అంచున ఉంది. ప్రయోగశాలల్లోవి చాలావరకు ఆ పారిస్ గుంపు సంతతి. దగ్గరి సంబంధాల్లోనే తరాలు గడిచాయి, మధ్యలో టైగర్ సాలమాండర్ జన్యువులు కూడా కలిశాయి. వాటిని కాలువలోకి వదిలినంత మాత్రాన పాత జాతి తిరిగిరాదు.

అపోహ: దీనిలో తేలిందల్లా మనిషికి వర్తిస్తుంది. (ఏదీ వర్తించదు అనేవారూ ఉన్నారు.)

చాలా ప్రశ్నలకు వాటికి అనువైన జంతువు ఒకటి ఉంటుందని 1929లో డెన్మార్క్ శరీరధర్మశాస్త్రవేత్త ఆగస్ట్ క్రో అన్నాడు. అనువుగాని ప్రశ్నలూ ఉంటాయని నేను చేరుస్తాను. ఉభయచరాల మూత్రపిండంలో హెన్లే వంపు (మూత్రాన్ని చిక్కబరచడానికి తోడ్పడే నాళిక భాగం) లేదు, రక్తం కన్నా చిక్కటి మూత్రాన్ని అవి తయారుచేయలేవు. మన శరీరం నీటిని ఎలా పొదుపు చేస్తుందో తెలుసుకోవాలంటే నెక్ట్యూరస్‌ను అడిగి లాభం లేదు.

అపోహ: తెగినా మొలుస్తుంది కాబట్టి నొప్పి లెక్కలోకి రాదు.

నొప్పిని పసిగట్టే నరాలు దానికీ ఉన్నాయి. ట్రైకేన్ అనే మత్తుమందును నీటిలో కలిపితే చర్మం గుండా, మొప్పల గుండా ఎక్కుతుంది. ఆ మందు నీటిని ఆమ్లంగా మారుస్తుంది, ఆమ్లం చర్మాన్ని మండిస్తుంది. అందుకే ముందు వంటసోడా కలిపి ఆమ్లాన్ని విరిచేస్తాం, తర్వాతే జంతువును దించుతాం. కాసేపయ్యాక కాలివేలిని మెల్లగా నొక్కి చూస్తాం. కాలు వెనక్కి లాక్కుందంటే కత్తెర పక్కన పెట్టి ఇంకొంతసేపు కూర్చోవాలి.