సుబేదార్ సాబ్‌కేం తక్కువ? మాజీ సైనికులపై అపోహలు – వాస్తవాలు

సర్వీసులో నేను క్లర్కుని. ఫౌజు నుంచి వచ్చేశాక నల్గొండ, దేవరకొండ, సూర్యాపేట వైపు మాజీ సైనికుల కాగితాలు చూసిపెట్టే పని మీద వేసుకున్నాను. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు కూడా ఇదే పని చేసే మావాళ్ళున్నారు. ఎవరికీ జీతం లేదు, ఎవరమూ ఫీజు తీసుకోం. రోజూ చెవిన పడే మాటలు కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మిలిటరీలో చేసినోళ్ళందరికీ పెన్షన్ వస్తది, వాళ్ళకేం తక్కువ?

వాస్తవం: సిపాయికి సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళు నిండాలి. ఇంటి దగ్గర పరిస్థితి బాగాలేకనో, ఇంకో కారణంతోనో ముందే వచ్చేసి, ఇప్పుడు డెబ్భై ఏళ్ళ వయసులో కొడుకుల మీద ఆధారపడ్డవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. ఊరంతా ‘మిలిటరాయన’ అని పిలుస్తుంది కానీ చేతికొచ్చేది ఏమీ ఉండదు. ఇలాంటివాళ్ళలో 65 దాటి, హవల్దారు లేదా ఆ లోపు ర్యాంకులో చేసినవాళ్ళకు, వాళ్ళ వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. అది నాలుగు వేలు ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు ఎనిమిది వేలు చేశారు. కూతురి పెళ్ళి సాయం కూడా యాభై వేల నుంచి లక్షకు పెరిగింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, అది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మీదుగా పోతుంది. అడగకుండా దానంతటదే ఏదీ రాదు.

ఇక్కడో మెలిక ఉంది. యూనిఫాం వేసుకున్న ప్రతివాడూ రూల్స్ ప్రకారం మాజీ సైనికుడు కాడు. ఏ సంవత్సరంలో వచ్చాడు, సొంత కోరిక మీద వచ్చాడా, వాళ్ళే పంపారా అన్నదాన్ని బట్టి హోదా ఉంటుంది. అందుకే డిశ్చార్జి బుక్కు చూడకుండా ‘మీకు వస్తుంది’ అని నేనెవరికీ మాటివ్వను.

అపోహ: సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్ళకు కూడా ఇవన్నీ వర్తిస్తాయి.

వాస్తవం: వర్తించవు. వాళ్ళు హోంశాఖ కింద ఉంటారు, వాళ్ళ సంక్షేమ బోర్డు వేరు. అది న్యాయమా అంటే నాకూ అభ్యంతరమే. కానీ తప్పు ఆఫీసు చుట్టూ తిప్పడం కంటే ముందే చెప్పడం మేలు.

అపోహ: ఆయన పోతే పెన్షన్ భార్యకు వస్తుంది, దానికి చేసేదేముంది?

వాస్తవం: మా పనిలో సగం ఇదే. రికార్డు ఆఫీసులో ఆమె పేరు లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మమ్మ, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు ముందుకొచ్చి ఇంకోలా ఉంటుంది. ఊళ్ళో లచ్చమ్మ అంటే తప్ప ఎవరికీ తెలియదు. పుట్టిన తేదీలైతే ఎక్కడ ఏది రాయించారో ఆ దేవుడికే ఎరుక. ఆయన బతికుండగా ఆయన దరఖాస్తుతో సరిచేసుకోగలిగిన విషయానికి, ఆయన పోయాక ఆమె అఫిడవిట్లు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. రికార్డు ఆఫీసు ఫిరంగి దళానిదైతే నాసిక్ రోడ్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపు అయితే బెంగళూరు. ఈఎంఈ (ఆయుధాలు, వాహనాలు రిపేరు చేసే దళం) వాళ్ళకు సికింద్రాబాదే కాబట్టి కాస్త నయం. అక్కడికి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఇంట్లో ఏం తింటారని ఎవరూ అడగరు.

కాబట్టి పెన్షన్ వస్తున్న ప్రతివాళ్ళూ ఇప్పుడే పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఉత్తర్వు) తీసి భార్య పేరు, పుట్టిన తేదీ చూసుకోండి. మానసికంగానో శారీరకంగానో వైకల్యం ఉండి సంపాదించుకోలేని పిల్లలుంటే వాళ్ళ పేరూ రికార్డులో చేర్చండి. మీ ఇద్దరి తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. ఇంకో సంగతి, ఎనభై నిండితే పెన్షన్ మీద ఇరవై శాతం అదనం. రికార్డులో వయసు తప్పుంటే అదీ ఆగుతుంది.

అపోహ: స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) వచ్చింది, ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

వాస్తవం: ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకు ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది, మనవడు పక్కనుంటే ఇంట్లోనే అయిపోతుంది. ‘పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా, ఓటీపీ చెప్పండి’ అని హిందీలో ఫోనొస్తే కట్ చేయండి. ఫౌజు హిందీ వినగానే మనవాళ్ళు అటెన్షన్‌లోకి వచ్చేస్తారు, మోసగాళ్ళకు కావాల్సింది అదే.

అపోహ: మిలిటరీ మనిషికి టెన్షన్ ఏంది? గుండె గట్టిది.

వాస్తవం: సిపాయి ఇంటికొచ్చేది ముప్పై అయిదు, నలభై ఏళ్ళకు. పొద్దున హాజరు నుంచి రాత్రి పడక దాకా ఒకరు చెప్తే నడిచిన బతుకు ఒక్కరోజులో ఆగిపోతుంది. పిల్లలు తండ్రిని సెలవుల్లో వచ్చే మనిషిగానే ఎరుగుదురు. పొలం తమ్ముడి చేతిలో ఉంటుంది. ఈయన ఇంట్లో బ్యారక్ రూల్స్ పెట్టబోతే గొడవ, పెట్టకపోతే లోపల ఉడుకు. ఇక సరిహద్దులోనో, ఉగ్రవాదుల మధ్యనో చూసినవి ఎవరికి చెప్తాడు?

గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు ఊళ్ళన్నీ కదిలాయి. కదలాలి కూడా. ప్రాణాలతో తిరిగొచ్చి రాత్రిళ్ళు నిద్రపోలేని మనిషిని మాత్రం ‘ఏమైంది’ అని పక్కింటివాళ్ళు కూడా అడగరు.

మా దగ్గరికి ‘మనసు బాగాలేదు’ అంటూ ఎవరూ రారు. కాగితం కోసమే వస్తారు. ప్లాస్టిక్ కవర్లో అన్నీ తేదీల వరసన పేర్చి తెస్తారు, ఆ క్రమశిక్షణ పోదు. పని అయిపోతుంది, చాయ్ అయిపోతుంది, అయినా లేవరు. అప్పుడు నేను అడిగేది ఒకటే: “అన్నా, నిద్ర పడుతుందా?” డిప్రెషన్ అన్న మాటెత్తితే లేచి వెళ్ళిపోతారు, నిద్ర గురించి అడిగితే తప్పుగా తీసుకోరు. “ఏం లేదు సాబ్, కుక్క మొరిగినా లేసి కూసుంటున్న” అన్నాడొకాయన. ఆ ఒక్క మాటతో మొదలుపెట్టి గంట మాట్లాడాడు. మధ్యలో నేను సలహా ఇవ్వలేదు. మేం డాక్టర్లం కాదు. డాక్టరు దాకా తోడు వెళ్ళడం వరకే మా పని.

అపోహ: మానసిక డాక్టరంటే ఎర్రగడ్డే.

వాస్తవం: నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంది. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుంటే పాలీక్లినిక్ నుంచి రిఫర్ చేయించుకోవచ్చు. ఎక్కడికీ పోలేనంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న మాట ఎవరి నోటైనా వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బ్యాంకు గన్‌మన్‌గా చేసి ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళు చాలామంది. ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేసినట్టే, పరిస్థితి కుదుటపడేదాకా దాన్ని ఇంటి నుంచి తీయించండి.

అపోహ: ఆ డాక్టరు చీటీ ఉంటే పెన్షన్ కోస్తారు.

వాస్తవం: కోయరు. సంపాదించుకున్న పెన్షన్‌కూ, తర్వాత చేయించుకునే చికిత్సకూ సంబంధం లేదు. పైగా జబ్బు సర్వీసులోనే మొదలై, మెడికల్ బోర్డు కాగితాల్లో ఉంటే వైకల్య పెన్షన్ అడిగే వీలుంటుంది. భర్తీ అయినప్పుడు లేని జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో రూల్స్ మారాయి కాబట్టి అందరికీ ఒకే లెక్క కుదరదు. తిరస్కరిస్తే అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. ‘ఇంత శాతం ఇప్పిస్తా, నాకింత’ అనే దళారిని గడప తొక్కనివ్వకండి. చీటీ ఉంటే గన్‌మన్ తుపాకీ లైసెన్సుకు ఇబ్బంది అవుతుందన్న భయం మాత్రం పూర్తిగా వట్టిది కాదు. ఆ మాట డాక్టరుతోనే నేరుగా మాట్లాడాలి.

అపోహ: క్యాంటీన్ మందు అలవాటే కదా, ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పిస్తే సరి.

వాస్తవం: ఏళ్ళ తరబడి రోజూ గట్టిగా తాగినవాళ్ళకు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రెండు మూడు రోజుల్లో రావచ్చు, ప్రాణం మీదికీ వస్తుంది. ఒట్టు వేయించడం, గదిలో పెట్టి గొళ్ళెం వేయడం వద్దు. డాక్టరు చూస్తుండగా మాన్పించాలి.

మా దగ్గరికి వచ్చేటప్పుడు డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఇద్దరి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్స్ తెండి. ఒరిజినల్స్ చూపించి మీ దగ్గరే పెట్టుకోండి, మాక్కూడా ఇవ్వొద్దు. వీలైతే అక్కను, అంటే మీ ఇంటావిడను, వెంట తీసుకురండి. నిద్ర సంగతి ఆయన కంటే ఆమే సరిగ్గా చెప్తుంది.