హద్దుల్లో గరిష్ఠం వెతకడం: ఆర్ వాడేవారి అపోహలు, అసలు సంగతులు

అపోహ: ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)లోని ఆప్టిమ్ (optim)కి ఫంక్షన్ ఇస్తే గరిష్ఠం వచ్చేస్తుంది.

రాదు. ఏమీ చెప్పకపోతే అది కనిష్ఠాన్నే వెతుకుతుంది. గరిష్ఠం కావాలంటే కంట్రోల్ (control) అనే సెట్టింగుల జాబితాలో ఎఫ్ఎన్‌స్కేల్ (fnscale)ను -1 చేయండి, లేదా ఫంక్షన్ ముందు మైనస్ పెట్టండి. రెండూ చేశారంటే తిరిగి కనిష్ఠం దగ్గరికే చేరతారు. ఇదే పని చేసే ఇంకో ఫంక్షన్ ఎన్ఎల్‌మిన్‌బీ (nlminb)లో అయితే మైనస్ ఒక్కటే దారి. వచ్చిన విలువను గుర్తు మార్చి చదువుకోవాలి. చలరాశులు ఎన్ని ఉన్నా ఒకే వెక్టర్‌గా (సంఖ్యల వరుసగా) పంపాలి. హద్దులుంటే ఆప్టిమ్‌లో ఎంచుకోవాల్సిన పద్ధతి ఎల్-బీఎఫ్‌జీఎస్-బీ (L-BFGS-B).

అపోహ: ఆప్టిమ్ జవాబులో కన్వర్జెన్స్ (ఎలా ఆగిందో చెప్పే కోడ్) 0 అని వస్తే అదే అసలు గరిష్ఠం.

ఎక్కువ మందిని ముంచేది ఇదే. 0 అంటే లెక్క సజావుగా ఆగిందనే అర్థం, అంతకుమించి ఏమీ కాదు. ఈ ఫంక్షన్ చూడండి: ఎక్స్ × సైన్(ఎక్స్) − (వై − 1)². ఎక్స్ 0 నుంచి 10 దాకా, వై 0 నుంచి 3 దాకా. (2, 0.5) దగ్గర మొదలుపెడితే ఎక్స్ 2.03, వై 1 దగ్గర ఆగి 1.82 ఇస్తుంది. (8, 0.5) దగ్గర మొదలుపెడితే ఎక్స్ 7.98 దగ్గర 7.92 ఇస్తుంది. రెండుసార్లూ కోడ్ 0. మొదటిది చిన్న గుట్ట, రెండోది కొండ. దగ్గరున్న గుట్ట ఎక్కి ఆగిపోవడమే ఈ పద్ధతి స్వభావం.

అందుకే రన్ఇఫ్ (runif, యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఫంక్షన్)తో హద్దుల లోపల కనీసం 50 ప్రారంభ బిందువులు తీసి, ఒక్కోదాని నుంచి నడిపించి, విలువలన్నీ పెద్ద నుంచి చిన్నకు పేర్చి చూడండి. అన్నిటికన్నా పెద్ద విలువ చాలా చోట్ల నుంచి వస్తే నమ్మకం పెరుగుతుంది. ఒక్కచోటు నుంచే వస్తే బిందువులు పెంచాలి. చలరాశులు రెండే అయితే 100 × 100 గ్రిడ్ వేసి కాంటూర్ (సమాన విలువలను కలిపే గీతల పటం) గీయడం ఇంకా మేలు. ఐదు ఉంటే మాత్రం ఒక్కోదానికి 20 చొప్పున తీసుకున్నా 32 లక్షల లెక్కలవుతాయి.

అపోహ: గరిష్ఠం దగ్గర వాలు సున్నా కావాల్సిందే.

పై ఫంక్షన్‌లోనే వై పైహద్దును 3 నుంచి 0.5కి తగ్గించండి. గరిష్ఠం ఆ అంచు మీదే పడుతుంది, వై దిశలో వాలు 1 ఉంటుంది. అలాంటప్పుడు హెస్సియన్ (రెండో అవకలనాల పట్టిక) నుంచి తీసిన ప్రామాణిక దోషాలను (అంచనా ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే కొలతలను) నమ్మకూడదు. ఆ హద్దు నిజంగా ఉన్నదా, మీరు సౌకర్యానికి పెట్టుకున్నదా అన్నది ముందు తేల్చుకోండి.

అపోహ: విలువలకు పైహద్దు ఉంటే గరిష్ఠం ఉన్నట్టే.

1 − ఇ^(−ఎక్స్) ఎప్పుడూ 1 దాటదు, ఏ ఎక్స్ దగ్గరా 1ని అందుకోదు కూడా. ఫంక్షన్ అవిచ్ఛిన్నమై, చలరాశులన్నిటికీ రెండు వైపులా మూసిన హద్దులుంటేనే గరిష్ఠం ఖాయం.

అపోహ: చలరాశుల కొలమానాలు ఎలా ఉన్నా పర్వాలేదు.

వాలు లెక్క కోసం ఆప్టిమ్ వేసే అడుగు మామూలుగా 0.001. ఒక చలరాశి 5000 చుట్టూ, ఇంకొకటి 0 నుంచి 0.001 లోపు తిరుగుతుంటే, రెండోదానికి ఆ అడుగు మొత్తం పరిధంత. పార్‌స్కేల్ (parscale, ఒక్కో చలరాశి కొలమానం చెప్పే సెట్టింగు)లో 1000, 0.0001 లాంటివి ఇస్తే సర్దుకుంటుంది.

ఫంక్షన్ లోపల లాగ్ ఉంటే కింది హద్దు 0 పెట్టకండి. లాగ్(0) మైనస్ అనంతం కాబట్టి ఎల్-బీఎఫ్‌జీఎస్-బీ పరిమిత విలువలు కావాలంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 0.000001 ఇవ్వండి.