చిట్టాలో రాసుకుంటే బాకీ అయిపోతుందా?

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పాతకాలపు కొట్టుకు వెళ్తే గల్లాపెట్టె పక్కన పొడుగాటి పద్దు పుస్తకం ఉంటుంది. మొదటి పేజీకి పసుపు కుంకుమ బొట్లు. ఏ రోజు బేరం ఆ రోజు చిట్టాలో రాసి, తర్వాత మనిషి పేరు మీద ఆవర్జాకు, అంటే లెడ్జరుకు, ఎక్కిస్తారు. షావుకారు ఆ పుస్తకాన్నే నమ్ముతాడు. సివిల్ కోర్టు అంతగా నమ్మదు.

తన పద్దు తానే రాసుకునేవాడు ఎంతైనా రాసుకోవచ్చు కదా అన్న అనుమానం పాతదే. 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షన్‌తో దానికో హద్దు గీసింది. వ్యాపారంలో పద్ధతిగా రాసుకొచ్చిన పద్దులు సాక్ష్యంగా పనికొస్తాయి, కానీ అవొక్కటే చూపించి ఎవరి మీదా బాకీ మోపడానికి లేదు. బ్యాంకులకు 1891లో వేరే చట్టం వచ్చి, అసలు లెడ్జరు మోసుకెళ్లకుండా సర్టిఫైడ్ కాపీ ఇస్తే సరిపోయేలా చేసింది. అయినా 1966లో గౌహతి బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, ప్రతివాది కాదన్న పద్దుకు ఆ కాపీ ఒక్కటే చాలదంది. బ్యాంకుకే అలా అంటే కొట్టువాడి సంగతి చెప్పాలా!

రొయ్యల మేత అరువు చూడండి. పట్టుబడి అయ్యాక ఇస్తానని రైతు బస్తాలు దించుకుంటాడు. రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చి గుంట పోతే గొడవ మొదలు. డీలరు ఖాతాలో నలభై బస్తాలుంటాయి, రైతు ముప్పై అంటాడు. అప్పుడు కోర్టు అడిగేది ఆ మిగతా పదింటికి బిల్లు మీద సంతకమో, దించిన మనిషి సాక్ష్యమో. పద్దు పుస్తకం మీద దావా వేస్తే అసలు పుస్తకాన్నే దావాతోపాటు పట్టుకెళ్లాలి. కోర్టు గుర్తు వేసి, నకలుతో సరిచూసి తిరిగిచ్చేస్తుంది. లేకపోతే రేపటి పద్దులు ఎందులో రాయాలి?

ఏది పుస్తకం అన్నదీ తగాదా అయింది. రాజకీయ నాయకులకు డబ్బు ముట్టిందని పద్దుల్లో రాసి ఉన్న జైన్ హవాలా కేసులో 1998లో సుప్రీంకోర్టు స్పైరల్ నోట్‌బుక్కును పుస్తకమేనని ఒప్పుకుంది, ఫైల్లో పెట్టిన విడి కాగితాలను ఒప్పుకోలేదు. 2000లో కంప్యూటర్ లెక్కలూ 34లోకి వచ్చాయి.

2024 జులై 1 నుంచి 1872 చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. 34 కాస్తా 28 అయింది, మాట మారలేదు. టాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రింటుకు మాత్రం సర్టిఫికెట్ రెండు భాగాలుగా కావాలి, ఒకటి లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లది, ఇంకోటి నిపుణుడిది. ఫైలు మారలేదని పోల్చి చూసుకునే హ్యాష్ విలువ కూడా రాయాలి. ఆ తేదీకి నడుస్తున్న దావాలకు పాత చట్టమే. అందుకని ఒంగోలు కోర్టు హాల్లో ఒకే పూట ఒక ఫైలుకు 34, పక్క ఫైలుకు 28 చెప్పాల్సిన పరిస్థితి ఇంకా ఉంటుంది.