రెండేళ్ల పిల్లలు అన్నం తినట్లేదంటే

"మా వాడు ఏమీ తినట్లేదండీ" అనే మాట పిల్లల డాక్టర్లకి కొత్త కాదు, అనేది ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లల అమ్మానాన్నలు. నిజానికి ఆ వయసులో ఆకలి తగ్గడం మామూలే, లెక్క వేసి చూస్తే మీకే తెలుస్తుంది. 3 కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకి సుమారు 9 కిలోలకి వస్తాడు, అంటే ఒక్క ఏడాదిలో 6 కిలోలు, కానీ రెండో ఏడాది పెరిగేది రెండు, రెండున్నర కిలోలే, ఆ తర్వాత ఐదేళ్ల దాకా ఏడాదికి దాదాపు 2 కిలోలు. పెరుగుదల అంత నెమ్మదించాక ఆకలి మాత్రం అలాగే ఎందుకుంటుంది? మనమేమో గిన్నె తగ్గించం, పైగా ఇంకో గరిటె వేస్తాం.

దీనికి తోడు ఇదే వయసులో కొత్త తిండి అంటే బెదురు మొదలై ఆరేళ్ల దాకా సాగుతుంది. మొన్నటిదాకా మెత్తగా కలిపి పెడితే ఏదైనా మింగిన పిల్లాడు ఇప్పుడు పప్పులోంచి తోటకూర ఆకుని రెండు వేళ్లతో పైకి తీసి, దాన్ని అటూ ఇటూ చూసి, కంచం అంచుకి అంటిస్తాడు. కాకరకాయ సంగతి వేరే, పెద్దవాళ్లకన్నా పిల్లలకి చేదు ఎక్కువ తెలుస్తుంది, అది మొండితనం కాదు.

ఇక బతిమాలడం, బెదిరించడం, నోరు తెరిచి కుక్కడం. 2006లో అమెరికాలో చిన్నపిల్లలకి సూప్ ఇచ్చి చేసిన ఓ ప్రయోగం వివరాలు వచ్చాయి. "సూప్ తాగేయ్" అని పదే పదే చెప్పించుకున్న పిల్లలు తక్కువ తాగారు, పైగా ఆ సూప్‌కి ఎక్కువ వంకలు పెట్టారు. ఏమీ అనకుండా వదిలేసినప్పుడు ఎక్కువ తాగారు. ఫోన్ చూపిస్తే గిన్నె ఖాళీ అవుతుంది, ఒప్పుకుంటాను, కానీ కళ్లు బొమ్మల మీదుంటే కడుపు నిండిందో లేదో పిల్లకి ఎలా తెలుస్తుంది?

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ల పని, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పిల్లల పని. అరగంట చూసి, మాట అనకుండా కంచం తీసేయండి. రెండు మూడు గంటల తర్వాతే మళ్లీ పెట్టండి, మధ్యలో "పాపం ఏమీ తినలేదు" అని బిస్కెట్ ప్యాకెట్ తెరిస్తే ఈ పద్ధతి పనిచేయదు (నానమ్మతో ఈ మాట ముందే మాట్లాడుకోవాలి, కష్టమే). కొత్త కూర ఒక్క ముక్క కంచంలో వేసి వదిలేయండి, ఇలా ఎనిమిది, పది, పదిహేను సార్లు రుచి చూశాకే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు, మనం మూడోసారికే "వీడికి బీరకాయ పడదు" అని తేల్చేస్తాం.

పాల సంగతి చూసుకోండి. అన్నం తినలేదని గ్లాసుల కొద్దీ పాలు పడితే ఆకలి చస్తుంది, పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు కాబట్టి రక్తం కూడా తగ్గుతుంది. రోజుకి అర లీటరు దాటనివ్వకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. రక్తం తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. మట్టి, బలపాలు, గోడ సున్నం తింటుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాల్సిందే.

మందుల షాపులో అడిగి ఆకలి సిరప్ తెచ్చి పోయకండి, వాటిలో చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్, అది అలర్జీ మందు, మత్తుగా ఉంటుంది. దానికన్నా అంగన్‌వాడీలో ఇచ్చే కార్డు తీసి బరువు గీత చూడండి. గీత పైకి పోతూ ఉండి, పిల్లాడు ఇల్లంతా పరిగెడుతుంటే టెన్షన్ వద్దు. గీత కిందికి వంగినా, మింగేటప్పుడు దగ్గు, ఉక్కిరిబిక్కిరి అవుతున్నా, రోజూ వాంతులు అవుతున్నా డాక్టరుకి చూపించండి, వెళ్లేటప్పుడు ఆ కార్డు కూడా పట్టుకెళ్లండి.