‘ఇంట్లో తుపాకీ ఉందా?’ డాక్టర్ అడిగే ఆ ప్రశ్నను ఫ్లోరిడా ఎందుకు నిషేధించింది?

అమెరికాలో పిల్లల్ని ఏటా చెకప్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఆ ఫారం నింపే ఉంటారు. కారులో చైల్డ్ సీటు వాడుతున్నారా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా, స్విమ్మింగ్ పూల్ ఉంటే చుట్టూ కంచె ఉందా... ఆ వరుసలోనే ఇంకో ప్రశ్న ఉంటుంది. ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళం వేసి పెడుతున్నారా? ‘లేదు’ దగ్గర టిక్ పెట్టి ముందుకెళ్లిపోతాం. ఆ ఒక్క ప్రశ్న మీద ఒక రాష్ట్రం చట్టం చేసింది. దాని మీద ఆరేళ్ల పాటు కోర్టుల్లో వాదనలు నడిచాయి.

2025లో ఆ గొడవ మళ్లీ రేగడానికి కారణం ఒక వెబ్‌పేజీ మాయం కావడం. 2024 జూన్ 25న ప్రజారోగ్యంపై దేశానికి సలహాలిచ్చే ప్రభుత్వ పెద్ద డాక్టర్, అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి, తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటిస్తూ ఒక అడ్వైజరీ విడుదల చేశారు. తుపాకీని ఇంట్లో ఎలా భద్రంగా ఉంచాలో డాక్టర్లు రోగులతో మాట్లాడాలన్నది అందులో ఒక సలహా. 2025 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు ట్రంప్, తుపాకీ పెట్టుకునే హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణ హక్కుల రక్షణ పేరుతో ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వును పాటించడానికే అంటూ మార్చిలో ఆరోగ్య శాఖ ఆ అడ్వైజరీని తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. తుపాకుల గురించి మాట్లాడటానికి డాక్టర్లు ఎవరు?

రెండో సవరణ చరిత్ర, తుపాకీ హక్కుల కోసం పోరాడే సంఘం ఎన్‌ఆర్‌ఏ బలం, స్కూళ్లలో కాల్పులు అందరికీ తెలిసినవే. డాక్టర్ల గది వరకు ఈ తగాదా ఎలా వచ్చిందో తెలియాలంటే మాత్రం 2010 వేసవిలో ఫ్లోరిడాలోని ఓకాలాలో ఏం జరిగిందో చూడాలి.

ఆ ఊళ్లో ఒక తల్లి తన బిడ్డను పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇంట్లో తుపాకీ ఉందా అని డాక్టర్ అడిగారు. అది మీకు అనవసరం అంటూ ఆమె జవాబు చెప్పలేదు. అయితే 30 రోజుల్లో వేరే డాక్టర్‌ను చూసుకోండి అన్నారాయన. స్విమ్మింగ్ పూల్ గురించి అడిగినట్టే ప్రతి కుటుంబాన్నీ ఇదీ అడుగుతానని తర్వాత చెప్పుకున్నారు. ఆమెకు మాత్రం అది అవమానం. విషయం స్థానిక పత్రికకెక్కింది, అక్కడి నుంచి రాజధాని టల్లహాసీకి చేరింది.

ఆ తల్లి కోపంలో న్యాయం ఉంది. జవాబు చెప్పనందుకు బిడ్డకు వైద్యం చేయనని పంపేయడం ఏ తల్లికైనా మింగుడుపడే విషయం కాదు. అయితే ఆమె ఫిర్యాదులో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి డాక్టర్ అడగడం, రెండోది డాక్టర్ పంపేయడం. చట్టం చేసినవాళ్లు ఈ రెండింట్లో దేన్ని పట్టుకున్నారన్న దాని మీదే తర్వాతి కథంతా నడిచింది.

2011లో రిపబ్లికన్ సభ్యుడు జేసన్ బ్రోడర్ బిల్లు తెచ్చారు. దాని వెనక ఎన్‌ఆర్‌ఏ లాబీయిస్టు మేరియన్ హ్యామర్ ఉన్నారు. బిల్లు మొదటి రూపం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తుపాకీ గురించి అడిగిన డాక్టర్‌కు ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల డాలర్ల వరకు జరిమానా! చర్చల తర్వాత జైలు పోయింది. మెడికల్ బోర్డు చర్య, ఒక్కో తప్పుకు 10 వేల డాలర్ల వరకు జరిమానా, లైసెన్సు సస్పెన్షన్ మిగిలాయి. గవర్నర్ రిక్ స్కాట్ 2011 జూన్ 2న సంతకం చేశారు. తుపాకీ యజమానుల గోప్యతా చట్టం అని దానికి పేరు పెట్టారు.

చట్టంలో నాలుగు ఆంక్షలున్నాయి. తుపాకీ వివరం రోగి రికార్డులో రాయకూడదు. తుపాకీ ఉందా అని అడగకూడదు. తుపాకీ ఉందన్న కారణంతో వివక్ష చూపకూడదు. ఆ విషయమై అనవసరంగా వేధించకూడదు. రోగి వైద్యానికో, భద్రతకో అవసరమని డాక్టర్ మనస్ఫూర్తిగా నమ్మితే అడగొచ్చు, రాయొచ్చు అని ఒక మినహాయింపు ఇచ్చారు. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చేది ఎవరు? రేపు ఫిర్యాదు వస్తే లైసెన్సు పోయేది డాక్టర్‌దే కదా!

అదే చట్టంలో ఇంకో వాక్యం కూడా ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జవాబు చెప్పకుండా ఉండే స్వేచ్ఛ రోగికి ఉందంటూనే, ఆ నిరాకరణ వల్ల తన రోగుల్ని ఎంచుకునే డాక్టర్ హక్కు ఏమాత్రం మారదని అందులో రాశారు. అంటే ఓకాలాలో ఏ పని వల్ల ఇంత దుమారం లేచిందో ఆ పనిని చట్టం ముట్టుకోలేదు. జవాబివ్వని తల్లిని వేరే డాక్టర్‌ను చూసుకోమని చెప్పే హక్కు డాక్టర్‌కు అలాగే ఉంది. ప్రశ్నకు మాత్రం తాళం పడింది. ఈ మొత్తం చరిత్రకు మలుపు ఇదేనని నా అభిప్రాయం. తల్లి కష్టం పేరు చెప్పి, ఆ కష్టాన్ని అక్కడే వదిలేసి, డాక్టర్ నోరు కట్టేశారు.

తుపాకీ యజమానుల భయం మరీ గాల్లోంచి పుట్టింది కాదు. జవాబు కంప్యూటర్ రికార్డులోకి వెళ్తుంది, అది రేపు ప్రభుత్వం చేతికి చిక్కి తుపాకుల జాబితాగా మారుతుందేమోనన్నది వాళ్ల టెన్షన్. తుపాకీ యజమానుల కేంద్ర రిజిస్ట్రీ పెట్టకూడదని 1986 నుంచే ఫెడరల్ చట్టం ఉంది. అయినా మాజీ సైనికుల విషయంలో జరిగింది వాళ్లు మర్చిపోలేదు. డబ్బు వ్యవహారాలు సొంతంగా చూసుకోలేరని మాజీ సైనికుల శాఖ తేల్చినవాళ్ల పేర్లు తుపాకీ కొనుగోలు తనిఖీ జాబితాలోకి వెళ్లేవి. 2010 మార్చిలో వచ్చిన ఒబామా ఆరోగ్య చట్టంలోనూ ఈ భయం తీర్చడానికే ఒక క్లాజు చేర్చారు. సెనేట్ నాయకుడు హ్యారీ రీడ్ చేర్పించిన ఆ క్లాజు ప్రకారం వెల్‌నెస్ పథకాలు తుపాకీ వివరాలు చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు, ప్రభుత్వం ఆ వివరాలు సేకరించకూడదు. డాక్టర్ నోటి మాట మీద మాత్రం అందులో నిషేధం లేదు. శాండీ హుక్ స్కూల్లో కాల్పుల తర్వాత 2013 జనవరిలో ఒబామా ప్రభుత్వం ఆ విషయాన్ని విడిగా స్పష్టం చేయాల్సి వచ్చింది.

మరి డాక్టర్లు అసలు ఎందుకు అడుగుతారు? పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1992 నుంచే ఇంట్లో తుపాకుల గురించి తల్లిదండ్రులతో మాట్లాడమని చెబుతోంది. నాలుగేళ్ల పిల్లాడికి అల్మారాలో ఉన్నది బొమ్మో, లోడ్ చేసిన పిస్టలో తెలియదు. 2020 నాటికి అమెరికాలో ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు వాళ్ల మరణాలకు రోడ్డు ప్రమాదాలను దాటి తుపాకులే మొదటి కారణం అయ్యాయి. పెద్దవాళ్ల విషయం మన చర్చల్లో ఎప్పుడూ వెనక్కే ఉండిపోతుంది. 2023లో తుపాకీ వల్ల చనిపోయిన 46 వేల పైచిలుకు మందిలో 27 వేలకు పైగా ఆత్మహత్యలే. చావాలన్న ఆలోచన చాలామందిలో వచ్చి కాసేపటికి పోతుంది. మాత్రలు మింగినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. తుపాకీతో ప్రయత్నించిన పది మందిలో దాదాపు తొమ్మిది మంది బతకరు. డిప్రెషన్‌తో వచ్చిన మనిషితో, కొన్నాళ్లు ఆ తుపాకీని అన్నయ్య ఇంట్లోనో లాకర్‌లోనో పెట్టండి అని చెప్పడం వైద్యంలో భాగమే. అలా చెప్పాలంటే ముందు అడగాలి. మొహం చూసి ఎవరికి ప్రమాదమో కనిపెట్టడం ఎవరి వల్లా కాదు కాబట్టి అందరినీ అడగాలి. ఫ్లోరిడా చట్టం అడ్డుకున్నది సరిగ్గా ఈ అలవాటునే.

సంతకం జరిగిన నాలుగు రోజులకే కేసు పడింది. డాక్టర్ బెర్న్‌డ్ వోల్‌ష్లేగర్ అనే ఫ్యామిలీ డాక్టర్‌తో పాటు పిల్లల డాక్టర్ల, ఫ్యామిలీ డాక్టర్ల, ఫిజీషియన్ల సంఘాల ఫ్లోరిడా శాఖలు కోర్టుకెళ్లాయి. మయామీ ఫెడరల్ జడ్జి మార్షా కుక్ 2011 సెప్టెంబరులో చట్టం అమలును ఆపారు, 2012 జూన్‌లో శాశ్వతంగా నిలిపేశారు. రాష్ట్రం అట్లాంటాలోని పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు వెళ్లింది. అక్కడ జరిగింది విచిత్రం. ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2014 జూలైలో 2-1తో చట్టాన్ని సమర్థించింది. ఆ తీర్పును తనే వెనక్కి తీసుకుని 2015 జూలైలో మరొకటి, మళ్లీ డిసెంబరులో ఇంకొకటి ఇచ్చింది. మూడూ జడ్జి జెరాల్డ్ జోఫ్లాట్ రాసినవే, మూడింట్లోనూ ఫలితం ఒకటే, కారణం మాత్రం ప్రతిసారీ వేరు. మొదట ఇది వృత్తి నియంత్రణే తప్ప వాక్‌స్వేచ్ఛ సంగతి కాదన్నారు. చివరికి వచ్చేసరికి అది వాక్‌స్వేచ్ఛ విషయమే, అత్యంత కఠినమైన పరీక్షకు పెట్టినా చట్టం నిలుస్తుంది అన్నారు. ఏడాదిన్నరలో రెండుసార్లు పునాది మార్చుకున్న తీర్పు బలమెంతో న్యాయశాస్త్రం చదవనివాళ్లకూ అర్థమవుతుంది.

చివరికి ఆ కోర్టు పూర్తి ధర్మాసనం కేసును చేపట్టింది. 2017 ఫిబ్రవరి 16న 10-1తో తీర్పిచ్చింది. రికార్డు రాయడం, అడగడం, వేధింపులపై ఆంక్షలు మూడూ కొట్టేసింది. అసెంబ్లీ ఆధారంగా చూపించినవి కేవలం ఆరు ఉదంతాలని జడ్జీలు ఎత్తిచూపారు. జవాబు చెప్పకపోతే పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ డబ్బు రాదని తనకు ఎవరో చెప్పారన్న ఒక వ్యక్తి ఈమెయిల్ లాంటివి ఆ ఉదంతాలు. డాక్టర్ ప్రశ్న అడిగినంత మాత్రాన ఎవరి తుపాకీ పోదు కాబట్టి డాక్టర్ వాక్‌స్వేచ్ఛకూ రోగి తుపాకీ హక్కుకూ అసలు పేచీయే లేదని కోర్టు తేల్చింది. బుష్ నియమించిన కన్జర్వేటివ్ జడ్జి విలియం ప్రయర్ విడిగా రాసిన మాట గట్టిది. దీన్ని ఒప్పుకుంటే రేపు ఇంకో ప్రభుత్వం ఆపరేషన్‌కు ముందు రోగితో కలిసి ప్రార్థించే సర్జన్‌ను కూడా ఆపగలదన్నారాయన. భిన్నాభిప్రాయం రాసిన ఆ ఒక్కరు జోఫ్లాట్.

వివక్ష చూపకూడదన్న నిబంధన మాత్రం నిలిచింది. తుపాకీ ఉన్న రోగికి ఫీజు పెంచడం, తక్కువ రకం వైద్యం చేయడం లాంటి పనులకు అది వర్తిస్తుంది. మాటకు వర్తించదు. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లలేదు. జార్జియా, అలబామా కూడా ఇదే అప్పీళ్ల కోర్టు పరిధిలోకి వస్తాయి కాబట్టి అట్లాంటా చుట్టుపక్కల ఉన్న మన డాక్టర్లకూ, మన కుటుంబాలకూ ఇదే న్యాయం.

తీర్పుతో నోటి యుద్ధం ఆగలేదు. 2018 నవంబరులో తుపాకులంటే పడని డాక్టర్లు తమ హద్దుల్లో ఉండాలని ఎన్‌ఆర్‌ఏ ట్వీట్ చేసింది. రక్తం అంటిన ఆపరేషన్ దుస్తుల ఫోటోలు పెట్టి, మా హద్దు ఇదేనంటూ సర్జన్లు జవాబిచ్చారు. కర్ణాటక మూలాలున్న మూర్తి విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. తుపాకులు ఆరోగ్య సమస్య అని 2012లో చేసిన ఒక్క ట్వీట్ వల్ల ఆయన మొదటి నియామకం ఏడాదికి పైగా ఆగింది. తుపాకుల నియంత్రణకు ఆ పదవిని వేదిక చేసుకోనని సెనేట్‌కు చెప్పుకుని, 2014 డిసెంబరులో 51-43 ఓట్లతో గట్టెక్కారు. పదేళ్ల తర్వాత ఆయనే ఇచ్చిన అడ్వైజరీ ఇప్పుడు వెబ్‌సైట్‌లో లేదు.

ఆ పేజీ తీసేయడంతో చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. డాక్టర్ అడగొచ్చు, జవాబు చెప్పాలా వద్దా అన్నది రోగి ఇష్టం. ఫ్లోరిడాలో ఇప్పటికీ, జవాబు చెప్పలేదని వేరే డాక్టర్‌ను చూసుకోమంటే ఆ తల్లికి ఆ చట్టం కింద ఏ రక్షణా లేదు. తుపాకులంటే ప్రాణమిచ్చే రాష్ట్రమే అయిన మోంటానా 2013లో ఈ విషయంపై రెండు ముక్కల్లో చట్టం చేసుకుంది. తుపాకీ గురించి జవాబివ్వలేదన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు, వైద్యం చేయడానికి అదొక షరతుగా పెట్టి అడగకూడదు.