పేరు పెట్టనివాడు

అమ్ములూ,

మొన్న ఫోనులో అడిగావు చూడు, "తాతయ్యా, ఫ్రాంకెన్‌స్టైన్ ఎందుకంత చెడ్డవాడు?" అని. ఇంతలో పాలవాడొచ్చాడు, మాట తెగింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒకటి దిద్దుకో. మేరీ షెల్లీ అనే ఇంగ్లిషు రచయిత్రి నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ ఆ భూతం పేరు కాదు, దాన్ని తయారుచేసిన కుర్రాడి పేరు. తయారైనవాడికి పుస్తకం మొత్తంలో పేరే లేదు. మెడలో మేకులూ, ఆకుపచ్చ మొహమూ తరవాతివాళ్లు తగిలించినవి. మేరీ షెల్లీ రాసింది పసుపుపచ్చ చర్మం, ఎనిమిది అడుగుల పొడుగూ, దానికి తగ్గ ఒడ్డూ. కథ మొదలెట్టినప్పుడు ఆవిడకు 18 ఏళ్లే. 1815లో ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ పొగ మరుసటేడు యూరప్‌లో వేసవినే మింగేసింది. జెనీవా సరస్సు పక్కన వానకు ఇంట్లో ఇరుక్కుని మొదలెట్టిన కథ ఇది. 1818లో అచ్చయింది.

సరే, చెడ్డవాడెందుకయ్యాడు? మా నాయనమ్మ కోళ్ల సంగతి చెబుతాను.

సంతలో కొత్త పెట్టను కొంటే ఆవిడ దాన్ని వెంటనే వదిలేది కాదు. గంప కింద మూసి, చుట్టూ నూకలు చల్లేది. పాతవి అక్కడే తింటూ తిరుగుతూ దానికి అలవాటు పడేవి. నాలుగైదు రోజులకు గంప తీసేది. ఒకసారి నేను ఆత్రం ఆగక రెండోరోజే ఎత్తేశాను. అన్నీ కలిసి పొడిచాయి. సాయంత్రానికి దాని నెత్తిన ఒక్క ఈక లేదు. నాయనమ్మ పసుపు రాసింది, నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తరవాత ఆ పెట్ట ఎవరు దగ్గరికెళ్లినా పొడిచేది. "పొగరుబోతు కోడి" అని పేరొచ్చింది దానికి.

కథలోనివాడు తన గంప తనే వెతుక్కున్నాడు. ఒక ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి నెలల తరబడి చూస్తూ మాటలు నేర్చుకున్నాడు. రాత్రిళ్లు వాళ్లకు కట్టెలు కొట్టి పెట్టాడు. ఏదో మంచి దేవత అనుకున్నారు వాళ్లు. ఒకరోజు మిగతావాళ్లు లేనప్పుడు లోపలికెళ్లాడు. ఉన్నది గుడ్డి ముసలాయన. గొంతు విని ఆదరంగా కూర్చోబెట్టాడు. అంతలో కళ్లున్న కొడుకొచ్చాడు, కర్రతో బాదాడు.

హత్యలకు దిగింది ఆ తరవాతే. పొడిపించుకున్నంత మాత్రాన చంపొచ్చా? చంపకూడదు. కోడికి తెలియదు, వాడికి తెలుసు. అక్కడ నా పోలిక కుంటుతుంది, ఒప్పుకుంటాను.

ఇంగ్లిషులో రాసేవాళ్లకు ఈ దారి బాగా నచ్చింది, భూతం చేతే మాట్లాడించడం. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిషు కావ్యంలో వీరుడి చేతిలో చచ్చే గ్రెండెల్ అనే భూతం చేతనే, 1971లో అమెరికా రచయిత జాన్ గార్డ్‌నర్ కథంతా చెప్పించాడు.

ఇవాళ రాత్రి తమ్ముడి కళ్లకు గంతలు కట్టి, ఆ ముసలాయన దగ్గర భూతం మాట్లాడిన ముక్క చదివి వినిపించు. ఎవరిదో చెప్పకు. తరవాత గంతలు విప్పి, ఆ గొంతుకు మొహం గీయమను. బొమ్మ నాకు పంపించు.

మీ తాతయ్య